నీలం రోజు

కిందటి వారం మన ఇన్‌ఛార్జ్ మేడమ్‌ని పార్కు గేటు దగ్గర నోట మాట రాని స్థితిలో వదిలేసి, ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఇక నిలబెట్టడం మర్యాద కాదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను. ఈ ఊరి పార్కులన్నిటిలోనూ నెలకోసారి కలుపు మందు కొడతారు. కొట్టినచోటే మళ్లీ కొట్టకుండా గుర్తు కోసం అందులో నీలం రంగు కలుపుతారు. అందుకే ఆ రోజుకి జనం నీలం రోజు అని పేరు పెట్టుకున్నారు. ఆ రోజు తల్లులు పిల్లల్ని పార్కుకి పంపరు. కుక్కల్ని తిప్పేవాళ్లు రోడ్డు మీదే తిప్పుకుని ఇంటికి పోతారు. ఈ పేటలో పుట్టిన పిల్లలకి మాటలు పూర్తిగా రాకముందే 'నీలం మీద కాలు పెట్టకు' అన్న హెచ్చరిక ఒంటబడుతుంది. ఈ తంతు ఎందుకసలు అని అడిగిన మొదటి మనిషి మన ఇన్‌ఛార్జ్. కలుపు మందూ, పురుగు మందూ ఏదీ కొట్టకుండా ఒక సీజన్ పాటు ఈ పార్కుని నడిపి చూపిస్తానని పట్టుబట్టి, పై అధికారుల చేత ఊ అనిపించుకుంది. ఆ గడువు ఇవాళ్టితో తీరిపోతుంది. పెద్దాఫీసరు స్వయంగా చూడ్డానికి వస్తున్నాడు. ఆయనకి నచ్చితే ఊళ్లో పార్కులన్నిటికీ ఈ పద్ధతే. నచ్చకపోతే రేపే మళ్లీ ఇక్కడ మందు పంపులు దిగుతాయి. సరిగ్గా ఇలాంటి పొద్దున ఆమె గేటు దగ్గరికి వచ్చి చూస్తే, కాలిబాట అంచు పొడవునా నీలం.

అక్కడ ఆపాం. అక్కణ్ణుంచే మొదలు.

ఆమె కంటే ముందే చూసినవాళ్లున్నారు. పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్లంతా బాట మధ్యలో గుంపుగా, రెండు అంచులకీ సమానమైన దూరంలో, వరద చుట్టుముట్టినవాళ్లలా నిలబడిపోయారు. గుంపుకి ముందు విజిల్ మాస్టారున్నాడు. ఆయన ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు. రిటైరైనా మెడలో విజిల్ తీయలేదు. బాట మీద సైకిలు తొక్కేవాళ్లని చూస్తే ఇప్పటికీ ఊదుతాడు. ఇవాళ ఊదలేదు. మనవరాలిని చంకనెత్తుకుని, పిల్ల కాళ్లు నేలకి తగలకుండా రెండు పాదాలూ అరచేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు.

"నాకు తెలీదు మాస్టారూ. తెలుసుకుని చెప్తాను."

"మీ పార్కులో మీకు తెలీకుండా మందు కొట్టి పోయారా?"

"మందో కాదో ఇంకా చూడలేదు."

"చూడ్డానికి ఇంకేముంది? నీలం కనబడుతూనే ఉందిగా." ఆయన గొంతు పెంచలేదు. పెంచితేనే నయంగా ఉండేది. "మొదట్లో మీ మీద అర్జీ పెట్టింది నేనే, ఒప్పుకుంటాను. గడ్డి పెరిగిందని, కలుపు తీయడం లేదని సంతకాలు సేకరించాను. తర్వాత మీరు గేటుకి బోర్డు పెట్టారు, ఇక్కడ మందులు వాడం అని. ఆ బోర్డు నమ్మి నేను ఈ పిల్లని గడ్డిలో దింపాను. అది ఇక్కడే నడక నేర్చుకుంది. ఇప్పుడు చెప్పండి, నేనేం అనుకోవాలి?"

అర్జీలు పెట్టేవాడి కోపాన్ని తట్టుకోవచ్చు, నమ్మినవాడి కోపానికి ఎదురు మాట దొరకదు. ఆమె వంగి అంచుని చూసింది. నీలం చుక్కలు మొక్కల మీద ఒకే ఎత్తు నుంచి, ఒకే వెడల్పున, ఎక్కడా చిక్కబడకుండా, ఎక్కడా తెగిపోకుండా పడి ఉన్నాయి. అడుగు తడబడితే ఒకచోట మడుగు కడుతుంది. ఆలోచన పక్కకి పోతే ఒకచోట ఖాళీ వస్తుంది. ఇక్కడ రెండూ లేవు. డిపార్ట్‌మెంట్ మొత్తం మీద ఇలా కొట్టే మనిషి ఒక్కడే. చేతిరాత చూసి మనిషిని గుర్తుపట్టినట్టు ఆమె గుర్తుపట్టింది. ఆ మనిషి ఆమె మామగారు.

పిల్లలు ఆయన్ని నీలం తాత అంటారు. ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వీపున పంపు మోసినవాడు. కోడలు ఉద్యోగం తెచ్చుకుని ఇదే పార్కుకి ఇన్‌ఛార్జ్‌గా వచ్చాక ఇద్దరి లెక్కా తలకిందులైంది. ఇంట్లో ఆయన వస్తే ఆమె లేచి నిలబడాలి, పార్కులో ఆమె వస్తే ఆయన లేచి నిలబడాలి. "ఇద్దరూ లేచే ఉండండి, కుర్చీలు నాకు మిగుల్తాయి," అని అత్తగారు అంటూ ఉంటుంది. మందు ఆపేసిన రోజు నుంచి పెద్దాయనకి చెప్పుకోదగ్గ పని లేకుండా పోయింది. కుండీలకి నీళ్లు కొట్టడం, కుళాయిలు బిగించడం. ఒక్కసారి కూడా కోడల్ని ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమెకి గుచ్చుకునేది.

పనిముట్ల గది పార్కు రెండో చివర ఉంది. అక్కడికి నడిచే దూరంలో ఆమె ఈ సీజన్ అంతా చేసిన పని ఇటూ అటూ పరుచుకుని ఉంది. నేను ఈమె పక్షం వహిస్తున్నానని కొందరు పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారు. వహిస్తున్నాను, దాచడం దేనికి? చెట్ల మొదళ్లలో ఎండుటాకులు మందంగా పరిపించింది, వాటి కింద కలుపు వెలుగు లేక ఊపిరి తీసుకోలేదు. బండల సందుల్లో మొలిచే పిచ్చి మొక్కల మీద కాగే నీళ్లు పోయించింది. గడ్డిని నున్నగా గీకించకుండా కాస్త ఎదగనిచ్చింది, ఎదిగిన గడ్డి తన నీడతోనే కలుపుని అణిచేసింది. గులాబీ కొమ్మల నిండా పేనుబంక పట్టినప్పుడు జనం గగ్గోలు పెట్టారు. ఆమె నిద్ర మానుకుందే గానీ మందు పట్టుకోలేదు. కొన్నాళ్లకి ఎర్ర చొక్కాల మీద నల్ల చుక్కలేసుకుని అక్షింతల పురుగులు దిగాయి, విందుకి పిలిచినట్టు పేనుబంక మొత్తం ఊడ్చిపెట్టి తిన్నాయి. ఆ రోజు ఆమె ఒక పురుగుని గోటి మీద పెట్టుకుని ఆఫీసంతా తిప్పి చూపించింది. అలాంటి మనిషిని మెచ్చుకోకుండా ఎలా ఉండమంటారు?

ఆమెకి అన్నిటికంటే కొరుకుడుపడనిది బాట అంచు. ఎప్పుడూ మందు తాగి తాగి అక్కడి నేల గొడ్డుబోయి ఉంది. అక్కడ నేల మీద పాకే చిన్న పూల మొక్కల విత్తనం చల్లించింది. అది అల్లుకుంటే ఇక కలుపుకి చోటుండదు. మొలకలు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే జనం కాళ్ల కింద నలిగిపోయాయి. తాడు కట్టిస్తే దాటేవాళ్లు. 'దయచేసి తొక్కకండి' అని రాయిస్తే, ఆ బోర్డు చదవడానికి ఇంకా దగ్గరికి వచ్చి మొలకల మీద నిలబడి మరీ చదివేవాళ్లు.

గది తలుపు తీసే ఉంది. మామగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని పంపు నాజిల్‌ని గుడ్డతో తుడుస్తున్నాడు. చాలా కాలంగా ఆయన మొహంలో లేని కళ ఇవాళ ఉంది.

"వచ్చావా అమ్మాయ్? చూశావా?" అన్నాడు. మెప్పు కోసం చూస్తున్నాడని ఆమెకి అర్థమైంది.

"చూశాను. ఏం కొట్టారు మామయ్యా?"

ఆయన చెయ్యి ఆగింది.

"కలుపు మందు కొట్టారా?"

"నన్నా అడుగుతున్నావు?"

"ఇంట్లో అయితే అడిగేదాన్ని కాదు. ఇక్కడ అడక్క తప్పదు."

ఆయన నాజిల్‌ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. నెమ్మదిగా లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. కోడలి మొహం వైపు కాకుండా ఆమె వెనక గోడ వైపు చూస్తూ, పై అధికారి ముందు నిలబడే పద్ధతిలో నిటారుగా నిలబడ్డాడు.

"నీళ్లు మేడమ్," అన్నాడు. "నీళ్లలో రంగు. ఇంకేం లేదు మేడమ్."

ఇన్నేళ్లలో ఆయన ఆమెని మేడమ్ అని పిలవడం ఇదే మొదలు. ఆ పిలుపు ఆమెకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. అయినా తరవాతి ప్రశ్న కూడా అడిగింది. అడగకపోతే ఆమె ఇన్‌ఛార్జ్ కాదు, వట్టి కోడలే.

"ఏ పంపుతో?"

"కుండీలకి నీళ్లు కొడతానే, దాంతో. మందు పంపు నువ్వు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నావుగా. ఉన్నా ముట్టుకోను. ఎంత కడిగినా దాని పొట్టలో మందు వాసన పోదు."

"రంగు ఎందుకు కలిపారు మరి?"

అప్పటికి ఆయన కోపం కొంచెం దిగింది. గోడ వైపు నుంచి చూపు తిప్పాడు.

"నీ మొలకలు రోజూ తొక్కి చంపుతున్నారు కదమ్మా. తాడు కట్టావు, బోర్డులు పెట్టావు, నోరు నొప్పెట్టేలా చెప్పావు. ఎవడైనా విన్నాడా? ఈ జనం దేనికి భయపడతారో నాకు తెలుసు. నీలం చూస్తే పసిపిల్ల కూడా కాలు వెనక్కి తీసుకుంటుంది. ఆఫీసరు వచ్చేసరికి ఒక్క మొలక కూడా నలగకుండా నిలబెడదాం అనుకున్నాను. నిలబడ్డాయి. పోయి చూడు, ఒక్కడు కాలు పెట్టి ఉంటే ఒట్టు."

నిజమే. ఒక్కడూ కాలు పెట్టలేదు. వరద మధ్యలో నిలబడ్డట్టు బాట మీద నిలబడిపోయారు. తాళ్లకీ బోర్డులకీ లొంగని జనం రంగు నీళ్లకి లొంగిపోయారు. అంత తెలివైన పని ఇంత తెలివితక్కువ రోజున చేయడం ఈ మామగారికి తప్ప ఇంకెవరికీ చేతకాదు. ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. దేనికీ టైము లేదు.

"నాకు ఒక్క మాట చెప్పాల్సింది మామయ్యా."

"చెప్తే వద్దనేదానివి." ఆయన పక్కనున్న పంపు మీద చెయ్యి వేశాడు. "ఇంకోటి కూడా ఉందిలే. పంపు వీపుకెత్తుకుని బాట వెంట అలా నడిచి చాలా రోజులైంది. ఒక్కసారి నడవాలనిపించింది. అది కూడా చెప్పేస్తున్నాను, లేకపోతే అబద్ధమవుతుంది."

ఆమె బకెట్టు మీద కూలబడింది. బయట జనం ఏమనుకుంటున్నారో, మాస్టారు ఏమన్నాడో చెప్పింది. వింటున్న కొద్దీ పెద్దాయన మొహంలో కళ దిగిపోయింది. చేసింది ఎంత పెద్ద తప్పో అప్పటికి గానీ ఆయన బుర్రకెక్కలేదు. నీలం చూసి జనం దూరంగా ఉంటారన్నంత వరకే ఆలోచించాడు. దూరంగా ఉన్నవాళ్లు ఏమనుకుంటారన్నది ఆయన ఆలోచనలోకే రాలేదు.

"పైపు పెట్టి కడిగేద్దాం. ఆఫీసరు వచ్చేలోపు అయిపోతుంది."

"జనం చూసేశారు. ఇప్పుడు కడిగితే దొంగతనం దాచినట్టుంటుంది."

"అయితే నేనే కొట్టానని చెప్పేస్తా. మందే కొట్టాను, మా కోడలికి తెలీకుండా కొట్టాను అంటా. నన్ను ఇంటికి పంపిస్తారు, అంతేగా? నీ మాట పోదు."

"మందు పడిందంటే నా మాట ఉండి మాత్రం ఏం లాభం? సీజన్ మొత్తం పోయినట్టే." ఆమె లేచి ఆయన ఎదురుగా నిలబడింది. "నా కోసం అబద్ధం ఆడకండి మామయ్యా. నిజం చెప్పి నా పక్కన నిలబడండి, చాలు."

ఆయన తల ఊపాడు. "పద అమ్మాయ్," అన్నాడు. మేడమ్ పోయి అమ్మాయ్ వచ్చినందుకు ఆమె ప్రాణం కొంచెం కుదుటపడింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి పెద్దాఫీసరు కారు దిగి, చేతిలో ఫైలుతో నీలం అంచు చూస్తూ నిలబడి ఉన్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. తక్కువ మాట్లాడేవాళ్లతో ఉన్న ఇబ్బందేమిటంటే వాళ్లు ఏమనుకుంటున్నారో ఎదుటివాడే ఊహించుకుని బెంగపెట్టుకోవాలి. మాస్టారు అప్పటికే చెప్పాల్సిందంతా చెప్పేసినట్టున్నాడు. చంకలో పిల్ల దిగుతానని కాళ్లు కొట్టుకుంటోంది, ఆయన దించడం లేదు.

"చెప్పండి," అన్నాడు ఆఫీసరు.

ఆమె చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క అందంగా మార్చలేదు. మొలకలు తొక్కుతున్నారని, తొక్కకుండా ఉండటానికి తన సిబ్బందిలో ఒకరు తనకి చెప్పకుండా రంగు నీళ్లు కొట్టారని, చెప్పకుండా చేసినందుకు బాధ్యత తనదేనని చెప్పింది.

"ఎవరు కొట్టింది?"

"ఈయన సార్. నాకు మామగారు కూడా."

గుంపులో గుసగుసలు లేచాయి. మామగారని చెప్పకుండా ఉండొచ్చు. అక్కడ చాలామందికి తెలియదు కూడా. తర్వాత ఎవరో ఎత్తిచూపేదాకా ఆగితే కథ ఎలా మారేదో మనకి తెలుసు, ఆమెకీ తెలుసు. అందుకే ముందే బయటపెట్టేసింది. నాకు ఆమెలో నచ్చేది ఇదే, తనకి నష్టం కలిగించే మాటని ఎదుటివాడి నోటికి వదిలిపెట్టదు.

"ఇంటి మనిషి అయితే ఏదైనా చెప్తారు," అన్నాడు గుంపులో ఒకాయన.

"మందు డబ్బాలూ, మందు పంపూ బీరువాలో ఉన్నాయి సార్. సీజన్ మొదట్లో మీ ఆఫీసు వాళ్లే సీలు వేశారు. సీలు అలాగే ఉంది, చూడండి."

"మందు బయట నుంచి కూడా తేవచ్చు కదా?" అన్నాడు ఆఫీసరు.

"తేవచ్చు సార్," అంది ఆమె. "ఆకులు కోసి ల్యాబుకి పంపించండి. రిపోర్టు వచ్చేదాకా నిర్ణయం ఆపండి."

"ఫైలు ఇవాళే పైకి పోవాలి. రాయాల్సింది ఇక్కడ నిలబడే రాయాలి. వీళ్లంతా నమ్మని పద్ధతిని నేను ఊరంతా పెట్టమని ఎలా రాస్తాను?"

న్యాయమైన ప్రశ్నే. ఆమె గుంపు వైపు చూసింది. రోజూ పలకరించే మొహాలు, ఇవాళ ఒక్కటీ కళ్లు కలపడం లేదు. ఇన్ని నెలల కష్టం, ఆ గులాబీలూ, ఆ ఎండుటాకులూ అన్నీ ఒక నీలం గీత దగ్గర ఆగిపోతున్నాయి.

అప్పుడు మామగారు ముందుకు వచ్చాడు. కుండీల పంపు ఆయన భుజానికి వేలాడుతోంది. దించి, మూత తిప్పి తీశాడు. అడుగున ఇంకా కొన్ని నీలం నీళ్లు కదులుతున్నాయి. తాగబోతున్నాడనుకుని ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు మామయ్యా, రంగు కడుపులోకి పోకూడదు."

"తాగను," అన్నాడు ఆయన. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులతో పంపు ఎత్తి, మిగిలిన నీళ్లన్నీ తన బట్టతల మీద వంపుకున్నాడు.

నీలం నుదుటి మీద నుంచి, కనుబొమల మీద నుంచి, మీసం మీద నుంచి చొక్కాలోకి కారింది. మాస్టారి చంకలో పిల్ల ఒక్కత్తే కిలకిల నవ్వి, "తాత నీలం," అంది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, తడి గడ్డం తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు.

ఆఫీసరు కనుబొమలు పైకి లేచాయి. మాట పెగిలింది మాత్రం విజిల్ మాస్టారికి.

"సార్, ఒక్క నిమిషం," అన్నాడు. ఆయన గొంతు మారింది. "నేను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి ఈ పార్కుకి వస్తున్నాను. నీలం రోజున కూడా వచ్చేవాణ్ణి, మొండివాణ్ణి. ఈయన ఎలా పని చేసేవాడో చూశాను. మోకాలి దాకా బూట్లు, మోచేతి దాకా తొడుగులు, మొహానికి గుడ్డ. ఎంత ఉక్కపోసినా ఒక్కటి తీసేవాడు కాదు. గాలి ఇటు తిరిగితే పంపు దించి కూర్చునేవాడు, అటు తిరిగేదాకా లేచేవాడు కాదు. నేను దగ్గరికి వస్తే నా మీదే అరిచేవాడు. డ్రిల్లు మాస్టారు మీద అరిచిన మనిషి ఈ ఊళ్లో ఈయన ఒక్కడే. మణికట్టు మీద చుక్క పడితే కుళాయి కింద చెయ్యి పెట్టి ఎంతసేపు కడిగేవాడో. ఇంత చాదస్తం ఏంటయ్యా అని నేను నవ్వేవాణ్ణి."

పెద్దాయన నీలం తల వైపు చూశాడు.

"అలాంటి మనిషి దీన్ని నెత్తిన పోసుకున్నాడు. నాకు ఇంకే పరీక్షా అక్కర్లేదు సార్. ఇది నీళ్లే."

నేను ఈ కథ మొదలుపెట్టినప్పటి నుంచి మాస్టారిని ఆటపట్టిస్తూనే వచ్చాను. ఆయన విజిలూ, ఆయన అర్జీలూ మనకి మంచి కాలక్షేపం. కానీ తను గట్టిగా అన్న మాటని నలుగురిలో వెనక్కి తీసుకోవడానికి ఎంత గుండె కావాలో మీకు తెలుసు. ఈ వారం ఆయనకి నేను చేతులు కట్టుకుని నిలబడుతున్నాను.

ఆయన అక్కడితో ఆగలేదు. పిల్ల పాదాల మీద నుంచి చెయ్యి తీశాడు. వంగి, నీలం అంచుకి ఇవతల, గడ్డి మీద దింపాడు.

"వెళ్లు తల్లీ," అన్నాడు.

పిల్ల నీలం దగ్గరికి వెళ్లి ఠక్కున ఆగిపోయింది. నేర్చుకున్న పాఠం కాళ్లలో ఉంది కదా. మాస్టారి వైపు చూసింది, తర్వాత ఇన్‌ఛార్జ్ వైపు చూసింది. ఆమె పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఏం కాదమ్మా. మొలకల్ని తొక్కకుండా ఇలా అంచున నడువు. నీలం మంచిదే ఇవాళ," అంది.

పిల్ల ఒక కాలు పెట్టింది. తీసి చూసుకుంది. పాదం నీలంగా ఉంది, అది నచ్చింది. రెండో కాలు పెట్టింది. అది చూసి వెనక అమ్మల చేతులు విడిపించుకుని మిగతా పిల్లలు వచ్చారు. "మేం కూడానా?" అని అడిగారు. "మీరు కూడా," అంది ఆమె. పుట్టినప్పటి నుంచి వద్దన్న రంగు మీద ఒక్కసారి పొమ్మంటే పిల్లలు ఆగుతారా? బూట్లు విప్పేసి, నీలం పాదాలతో బాట వెంట గోల చేసుకుంటూ పరిగెత్తారు. ఇన్‌ఛార్జ్ లేచి వాళ్లని చూస్తూ నిలబడింది. ఆమె మొహం చూసినవాళ్లెవరైనా ఈ పద్ధతికి ఓటు వేసేస్తారు. మామగారు నీలం మొహంతో పక్కన నిలబడి ఉంటే జనం ఒక్కొక్కరే వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంటున్నారు. వాళ్ల అరచేతులు కూడా నీలం అవుతున్నాయి, పట్టించుకున్నవాళ్లు లేరు.

పెద్దాఫీసరు ఫైలు తెరిచాడు. కలం తీశాడు.

"మిగతా పార్కులకి కూడా మీరే వచ్చి నేర్పాలి," అన్నాడు. ఆయన నోట వచ్చిన మెప్పు ఆ ఒక్క మాటే.

"వస్తాను సార్. అంచుల పని మాత్రం మామయ్య నేర్పుతారు," అంది ఆమె, ఆయన వైపు తిరిగి.

మామగారు ఈ మాట విన్నట్టు లేడు. టోపీతో కళ్లు తుడుచుకుని, పిల్లలు పరిగెత్తిన వైపే చూస్తున్నాడు. బాట అక్కడ పొదల చాటుగా వంపు తిరిగి కొలను వైపు పోతుంది. పిల్లల అరుపులు ఇప్పుడు ఆ వంపు అవతల నుంచి వినబడుతున్నాయి. ఆయన నాలుగు అడుగులు ముందుకు వేశాడు. పొదల సందులోంచి మెడ చాచి చూశాడు. వెనక్కి తిరిగినప్పుడు ఆ నీలం కింద ఆయన మొహంలో రక్తం లేదని కోడలికి తెలిసింది.

"అమ్మాయ్," అన్నాడు, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా. "నేను వంపు దాకానే కొట్టాను. నీళ్లు సరిపోవని అక్కడితో ఆపేశాను."

ఆమె ఆయన్ని దాటి వంపు దగ్గరికి వెళ్లింది. కొలను గట్టు పొడవునా అంచు నీలంగా ఉంది. కానీ ఇది ఆయన చేతి పని కాదు. చుక్కలు ఒకచోట మడుగు కట్టి, ఒకచోట తెగిపోయి, ఎవరో కంగారుగా కొట్టి పోయినట్టు ఉన్నాయి. గాలి ఇటు తిరిగింది. ఆ గాలిలో, ఈ సీజన్ అంతా ఈ పార్కులో లేని ఘాటైన వాసన ఉంది.

అందరికంటే ముందు బయల్దేరిన మాస్టారి మనవరాలు ఆ నీలంలో చతికిలబడి, గుప్పెడు గడ్డి పీకి నోటి దాకా తీసుకువెళుతోంది.